కవి కొడుకు కావలివాడైన వైనం: ఒక గేలిక్ ఇంటిపేరు

ఇంగ్లీషు చదువుతో పాటు మన విమర్శలోకి వచ్చిన మాటల్లో 'బార్డ్' ఒకటి. షేక్‌స్పియరూ బార్డే, రవీంద్రుడూ బార్డే, గొంగడి భుజాన వేసుకొని వీధిలో పాడే ప్రజాగాయకుడూ బార్డే. ప్రజల్లోంచి పుట్టి, ప్రజల మధ్య తిరుగుతూ, వాళ్ళ కష్టసుఖాలు పాడేవాడు అనే అర్థాన్ని మనం ఆ మాటకు చాలా ఉదారంగా అంటగట్టాం. ఈ మాట పుట్టిన నేల మీద దానికి ఆ అర్థం ఉన్నదా? ఉంటే ఎప్పుడు, ఎవరి దృష్టిలో ఉన్నది? ఈ ప్రశ్నకు జవాబు నేను నిఘంటువుల్లో కాక ఒక ఇంటిపేరులో వెతకదలచుకున్నాను. నిఘంటువు మాటకు అర్థం మాత్రమే చెబుతుంది. ఆ మాటను మోసిన మనుషులు ఎవరి కొలువులో కూర్చున్నారో, ఎవరి నేల తిన్నారో, చివరికి ఎట్లా వీధిన పడ్డారో ఇంటిపేరు చెబుతుంది.

ఆ ఇంటిపేరు 'మాక్ అన్ వార్డ్'. ఐర్లండు గేలిక్ భాషలో 'బార్డు కొడుకు' అని దాని అర్థం. వాయవ్యాన డొనెగాల్‌లో, పడమట గాల్వేలో ఈ పేరు గల కవి వంశాలు వందల ఏళ్ళు బతికాయి. ఇవాళ వాళ్ళ వారసుల్లో చాలామంది తమ పేరును 'వార్డ్' అని మాత్రమే రాసుకుంటున్నారు. ఇంగ్లండులో కూడా వార్డ్ అనే ఇంటిపేరు ఉన్నది. కాని అది వేరు. పాత ఇంగ్లీషులో కాపలా కాసేవాణ్ణి సూచించే మాటనుంచి అది పుట్టింది. రాతలో రెండూ ఒకటైపోయాయి. ఆ విధంగా కవి కొడుకు కాగితం మీద కావలివాడయ్యాడు. ఇది కేవలం శబ్దం చేసిన చిత్రం అనుకుంటే పొరపాటు. శబ్దం కొంత చేసింది, ప్రభుత్వం చాలా చేసింది.

ముందు శబ్దం సంగతి చూద్దాం. 'మాక్' అంటే కొడుకు. 'అన్' అనేది ఇంగ్లీషు 'ది' వంటి ఉపపదం. 'బార్డ్' అనే మాట షష్ఠీ విభక్తిలో ఆ ఉపపదం వెనక నిలిచేసరికి దాని మొదటి 'బ'కారం మెత్తబడి 'వ'కారం అవుతుంది. రాసేటప్పుడు 'బ' పక్కన 'హ' చేర్చి రాస్తారు, పలికేటప్పుడు 'వ' అంటారు. ఐరిష్ నేర్చుకునే ఇంగ్లీషు విద్యార్థులను ఈ పదాది మార్పు హడలగొడుతుందని విన్నాను. తెలుగు పిల్లవాడు హడలవలసిన పని లేదు. 'వాడు + పోయె' అన్నప్పుడు 'వాడువోయె' అయ్యే గసడదవాదేశం తొమ్మిదో తరగతిలో మేం బల్లగుద్ది చెబుతూనే ఉన్నాం. ముందున్న పదం తర్వాతి పదం మొదటి హల్లును మెత్తబరచటం మనకు కొత్త కాదు. మన దగ్గర అది పద్యంలోనూ పాత వచనంలోనూ మిగిలితే, వాళ్ళ దగ్గర రోజువారీ మాటలోనే నిలిచి ఉన్నది.

గేలిక్ ఇంటిపేర్లలో రెండు ముక్కలు తరచు కనిపిస్తాయి. 'మాక్' కొడుకు, 'ఓ' మనుమడు లేదా వంశీకుడు. మొదట్లో ఇవి ఇంటిపేర్లు కావు, నిజంగా తండ్రినీ తాతనూ చెప్పే పేర్లే. తరం మారితే పేరూ మారేది. పదో శతాబ్దం మొదలుకొని పన్నెండో శతాబ్దం దాకా ఇవి క్రమంగా గట్టిపడి వంశనామాలయ్యాయి. 916లో చనిపోయిన తిగర్నఖ్ ఓ క్లేరిగ్ అనే పశ్చిమ ప్రాంతపు పాలకుని పేరును చాలామంది పండితులు ఇట్లా స్థిరపడిన ఇంటిపేర్లలో అతి ప్రాచీనమైన వాటికి ఉదాహరణగా చూపిస్తారు. ఈ 'ఓ క్లేరిగ్' పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో మనకు మళ్ళీ పని ఉంది.

ఆడవాళ్ళ విషయానికి వస్తే, కొడుకు కాని మనిషి 'మాక్' ఎట్లా అవుతుంది? కాదు. కూతురైతే 'నిక్ అన్ వార్డ్', భార్య అయితే 'బాన్ విక్ అన్ వార్డ్', అంటే 'బార్డు కొడుకు యొక్క భార్య'. వ్యాకరణం చాలా నిజాయితీగా ఉన్నది. ఈ స్త్రీ ఎవరి సొత్తో దాచకుండా చెబుతుంది. మన ఇంటిపేర్లు లింగభేదం చూపకపోయినా పెళ్ళితో మారిపోయి ఆ పనే గుట్టుగా చేస్తున్నాయి.

ఇక 'బార్డ్' మాట పుట్టుక. భాషాశాస్త్రజ్ఞులలో ఎక్కువమంది దీనిని 'స్తుతించు' అనే అర్థం గల ఇండో-యూరోపియన్ ధాతువుకు ముడిపెడతారు. సంస్కృతంలో 'గృణాతి' అనే క్రియ, స్తుతి, వాక్కు అనే అర్థాల్లో వాడే 'గిర్' శబ్దం ఆ ధాతువునుంచి వచ్చినవే. సరస్వతిని 'గీర్దేవి' అనటం మన పద్యాలు చదివినవారికి తెలుసు. మూల భాషలోని ఆ ఆది హల్లు సంస్కృతంలో 'గ'కారంగానూ కెల్టిక్ భాషల్లో 'బ'కారంగానూ మారింది. కనుక బార్డ్ అంటే, మాట పుట్టుకలోనే, స్తుతి చేసేవాడు. ఎవరిని స్తుతిస్తాడనేది ధాతువు చెప్పదు. చరిత్ర చెబుతుంది.

పాత ఐరిష్ న్యాయగ్రంథాలు కవులను రెండు వర్గాలుగా విడదీశాయి. పైవర్గం 'ఫిలి'. ఆ మాటకు మూలార్థం చూచేవాడు. మనవాళ్ళు కవిని క్రాంతదర్శి అన్నట్టే. ఫిలి గురువు దగ్గర శాస్త్రం చదివినవాడు. వంశావళులూ, స్థలపురాణాలూ, ఛందస్సూ, న్యాయమూ తెలిసినవాడు. వాళ్ళలో ఏడు అంతస్తులు ఉండేవి. అన్నిటికన్న పైవాడు 'ఒల్లవ్'. అతని గౌరవధనం చిన్న రాజుకు సమానం. 'బార్డ్' కిందివర్గం. శాస్త్రం చదవకుండా తన సహజమైన నేర్పుతో పద్యం చెప్పేవాడు. అతనికి మర్యాద తక్కువ, ప్రతిఫలం తక్కువ. పన్నెండు, పదమూడు శతాబ్దాల నాటికి ఈ గీత చెరిగిపోతూ వచ్చింది. ఇందులో ఒక తమాషా ఉన్నది. మాక్ అన్ వార్డ్ వంశంవారు పేరుకు బార్డు కొడుకులే గాని, వృత్తికి పూర్తిగా ఫిలి వర్గం. పైకి వచ్చిన తర్వాత కూడా కిందిమెట్టు గుర్తు ఇంటిపేరులో ఉండిపోయింది.

ఇంగ్లీషువాళ్ళు ఈ భేదాన్ని పట్టించుకోలేదు. గేలిక్ కవులందరినీ బార్డులే అన్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో థామస్ గ్రే 1757లో 'ది బార్డ్' అచ్చు వేశాడు. 1760 తర్వాత జేమ్స్ మాక్‌ఫర్సన్ తన 'ఒషియన్' కావ్యాలతో యూరపునంతా ఊపాడు. కొండశిఖరం మీద తెల్లగడ్డం ఎగురుతూ వీణ పట్టుకొని నిలబడిన ఒంటరి గాయకుని బొమ్మ అప్పుడు తయారైంది. మనకు చేరిన బార్డ్ ఆ బొమ్మే. అసలు మనిషికి, ఆ బొమ్మకు పోలిక చాలా తక్కువ.

అసలు మనిషి చదువు ఎట్లా ఉండేదో 1722లో లండన్‌లో అచ్చయిన ఒక వర్ణన వల్ల తెలుస్తున్నది. అప్పటికి ఆ బడులు పోయాయి, జ్ఞాపకం మిగిలింది. కవిత్వపు బడి ఊరికి దూరంగా ఉండేది. కిటికీలు లేని చిన్న చిన్న గదులు, ప్రతి గదిలో ఒక మంచం. గురువు సాయంత్రం విషయమూ ఛందస్సూ ఇచ్చేవాడు. విద్యార్థి రాత్రంతా, మర్నాడంతా చీకట్లో పడుకొని మనసులోనే పద్యం కట్టేవాడు. ఆ సాయంత్రం దీపాలు తెచ్చినప్పుడే కాగితం మీద పెట్టేవాడు. తర్వాత గురువు ముందు చదివేవాడు. శీతకాలమంతా ఇదే. ఇట్లా ఆరేడేళ్ళు. ప్రవేశానికి కవి వంశంలో పుట్టినవాడై ఉండటం సాధారణమైన అర్హత. ఇది చదివినప్పుడు నాకు మన కులవృత్తుల పద్ధతి గుర్తుకు రాక మానలేదు. విద్య ఇంటి గోడలు దాటిపోకుండా చూసుకోవటంలో ప్రపంచమంతటా పండితులు ఒకరికొకరు తీసిపోరు.

వాళ్ళ ఛందస్సు గురించి సాహిత్య విద్యార్థుల కోసం రెండు మాటలు చెప్పాలి. దానిని 'దాన్ దీరఖ్' అంటారు. నాలుగు పాదాల పద్యం, పాదానికి లెక్కపెట్టిన అక్షరాలు. బాగా వ్యాప్తిలో ఉన్న ఒక వృత్తంలో పాదానికి ఏడు. అంత్యప్రాసలో ఒకే హల్లు తిరిగి రానక్కరలేదు, ఒకే తరగతి హల్లు వస్తే చాలు. ప, త, క ఒక తరగతి. బ, ద, గ ఒక తరగతి. మన యతిమైత్రి తెలిసినవాడికి ఇది చటుక్కున అర్థమవుతుంది. తేడా ఎక్కడంటే, వర్గయతిలో మనం క, ఖ, గ, ఘలను ఒక కుదురుగా కడతాం, అంటే నోట్లో పుట్టిన చోటును బట్టి. వాళ్ళు పలికే తీరును బట్టి కట్టారు. వర్ణమాల పట్టికను మనం అడ్డవరసలుగా చదివితే వాళ్ళు నిలువు వరసలుగా చదివారన్న మాట. ఒకరితో ఒకరికి పరిచయం లేని రెండు పండిత సమాజాలు చెవిని ఇంత శాస్త్రీయంగా పరిశీలించటం నాకు ఆశ్చర్యంగానూ ఆనందంగానూ ఉంటుంది. ఆ కవులు ఎవరి పక్షాన నిలిచారన్న విమర్శ ఎంత చేసినా వాళ్ళ పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడవలసిన అవసరం లేదు.

ఇంత పనితనాన్ని పోషించిందెవరు? భూమి. డొనెగాల్‌లో 'లెటర్‌మకవార్డ్' అనే ఊరు ఇప్పటికీ ఉన్నది. 'మాక్ అన్ వార్డ్ వారి కొండవాలు' అని అర్థం. గాల్వేలో 'బాలిమక్‌వార్డ్' అనే ఊరున్నది. 'మాక్ అన్ వార్డ్ వారి ఊరు'. డొనెగాల్ శాఖవారు ఓ డొనెల్ దొరలకూ, గాల్వే శాఖవారు ఓ కెల్లీ దొరలకూ ఆస్థానకవులు. కవికి పన్నులేని భూమి, విందులో దొర పక్కన ఆసనం, పద్యానికి ఇంతని పశువులో గుర్రాలో. బదులుగా కవి దొర వంశాన్ని పొగడాలి, అతని దాడులను వీరకృత్యాలుగా నిలపాలి, చనిపోతే ఏడవాలి. దొర లోభి అయితే కవి చేతిలో తిట్టు ఉండనే ఉన్నది. కవి తిడితే ముఖం మీద బొబ్బలు లేస్తాయని నమ్మేవారు. మన వేములవాడ భీమకవి కథలు విన్నవారికి ఈ నమ్మకం వింతగా తోచదు. భూస్వామ్యంలో కవికి మాటే ఆయుధమని మనం అంటాం. నిజమే. కాని ఆ ఆయుధం దొరతో బేరానికి పనికివచ్చింది గాని, దొర పొలంలో ఓట్లు పండించినవాడి కోసం ఎప్పుడూ పైకి లేవలేదు.

ఈ మాట ఊరికే అనటం లేదు. 1213లో జరిగినదిగా వార్షికచరిత్రలు రాసిపెట్టిన ఒక సంఘటన ఉన్నది. స్లైగో ప్రాంతంలో మురెదఖ్ ఓ డాలీ అనే గొప్ప కవి ఉండేవాడు. ఓ డొనెల్ దొర తరఫున కప్పం వసూలుకు వచ్చిన ఒక ఉద్యోగి ఆ కవి ఇంటికి వెళ్ళి దురుసుగా మాట్లాడాడు. కవి పదునైన గొడ్డలి తీసి అతన్ని నరికేశాడు. ఓ డొనెల్ సైన్యంతో వెంటపడితే దొర తర్వాత దొరను ఆశ్రయిస్తూ, ఊరి తర్వాత ఊరు మారుతూ, చివరికి సముద్రం దాటి స్కాట్లండుకు పారిపోయాడు. పారిపోతూ ఒక దొరకు పద్యం చెప్పాడు. ఒక నీచుడు నన్ను తిట్టాడు, నేను వాణ్ణి చంపాను, ఇంతమాత్రానికే శత్రుత్వమా అని ఆ పద్యంలోని భావం. దీనిని కవి ఆత్మగౌరవానికి నిదర్శనంగా చెప్పేవారున్నారు. దండుకోవటానికి వచ్చిన అధికారి మీద తిరుగుబాటుగా చదవాలని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నేను ఒప్పుకోలేను. కవి కోపం కప్పం మీద కాదు. తక్కువవాడు తనతో సమానంగా మాట్లాడాడన్నదే కోపం. చచ్చినవాడు మనిషిగా ఆ పద్యంలో లెక్కకే రాలేదు. తర్వాత ఓ డొనెల్ కోపం చల్లార్చటానికి ఈ కవి అతని మీద స్తుతిపద్యాలు చెప్పి రాజీపడ్డాడు. దొరతో తగాదా తీరింది. చచ్చినవాడి ఇంటివాళ్ళ మాట ఎవరూ రాయలేదు.

స్కాట్లండులో ఇతని సంతతి 'మాక్ వూరిఖ్' అనే కొత్త ఇంటిపేరుతో వెలిసింది. 'మురెదఖ్ కొడుకు' అని అర్థం. తరాల తరబడి మాక్‌డొనల్డ్ దొరలకు వీళ్ళు కవులు. ఇంగ్లీషులో ఈ పేరు 'కరీ' అయింది, కొన్నిచోట్ల 'మాక్‌ఫర్సన్' అని కూడా రాశారు. 1800లో ఈ వంశపు లఖ్లన్ మాక్ వూరిఖ్ ఒక వాంగ్మూలం ఇచ్చాడు. 'ఒషియన్' నిజమా కల్పితమా అని విచారిస్తున్న సంఘం దానిని 1805లో అచ్చు వేసింది. తాను మురెదఖ్‌కు పద్దెనిమిదో తరం వాడినని, దొర వంశచరిత్ర నిలిపి ఉంచినంతకాలం దక్షిణ యూయిస్ట్ దీవిలో తమకు భూమి దక్కిందని, తర్వాత పోయిందని అందులో చెప్పాడు. తమ ఇంటి చర్మపత్రాలు ఏమయ్యాయంటే, రెండు మూడింటిని దర్జీలు కొలతపట్టీల కోసం కత్తిరించటం తన కళ్ళతో చూశానన్నాడు. పద్దెనిమిది తరాల కవి వంశీకునికి చదువు రాదు. వాంగ్మూలం కింద సంతకానికి బదులు గుర్తు పెట్టాడు.

మళ్ళీ ఐర్లండుకు వద్దాం. ఇక్కడ ఇంటిపేరు మీద చట్టమే వచ్చింది. 1366 నాటి కిల్కెన్నీ శాసనాలు ఐరిష్ గాయకులకు, కథకులకు ఇంగ్లీషు వలసవాసులు ఆశ్రయమివ్వరాదన్నాయి. 1465లో ఇంకొక చట్టం. డబ్లిన్, మీథ్, లౌథ్, కిల్డేర్ ప్రాంతాల్లో ఇంగ్లీషువారి మధ్య ఉండే ఐరిష్‌వాళ్ళు ఇంగ్లీషు ఇంటిపేర్లు పెట్టుకోవాలి. ఏదైనా పట్నం పేరు, లేదా తెలుపు, నలుపు, గోధుమ వంటి రంగు, లేదా కమ్మరి, వడ్రంగి వంటి పని, లేదా వంటవాడు, బట్లర్ వంటి కొలువు. పెట్టుకోకపోతే ఏటా ఆస్తి జప్తు. డొనెగాల్ కవులకు ఈ చట్టం అప్పట్లో తగల్లేదు. అక్కడ ఇంగ్లీషు శాసనం నడిచే రోజులు ఇంకా రాలేదు.

ఆ రోజులకు దారి వేసినవాళ్ళలో ఒకడు కవి కావటమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఎడ్మండ్ స్పెన్సర్‌ను మనం ఎం.ఏ.లో 'ఫెయిరీ క్వీన్' రాసినవాడుగానే చదువుకున్నాం. అతడు ఐర్లండులో ఉద్యోగి, మన్‌స్టర్‌లో జప్తు భూముల మీద ఎస్టేటు పొందినవాడు. 1596 ప్రాంతంలో రాసి, 1633లో అచ్చయిన తన ఐర్లండు పరిశీలనలో గేలిక్ కవులు తిరుగుబాటుదారులను పొగిడి యువకులను చెడగొడుతున్నారని నేరం మోపాడు. ఆ పద్యాలు కొన్ని తర్జుమా చేయించుకొని విన్నానని, వాటిలో మంచి కల్పనా మాధుర్యమూ ఉన్నాయని కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, వంశపెద్దల పేర్ల ముందున్న 'ఓ', 'మాక్' అనే ముక్కలను పూర్తిగా నిషేధించాలని సలహా ఇచ్చాడు. మనుషులను ఒక పెద్ద చుట్టూ కట్టిపడేసే తాడు ఆ ముక్కలే అని అతడు సరిగ్గానే గ్రహించాడు. తోటి కవి గనుకనే దెబ్బ ఎక్కడ కొట్టాలో తెలిసింది.

దెబ్బ పడింది. 1601లో కిన్సేల్ దగ్గర ఓ నీల్, ఓ డొనెల్ సైన్యాలు ఓడిపోయాయి. 1607 సెప్టెంబరులో ఆ దొరలు తమవాళ్ళతో ఓడ ఎక్కి యూరపుకు వెళ్ళిపోయారు. 1609 తర్వాత డొనెగాల్‌తో సహా అల్స్టర్‌లోని ఆరు కౌంటీల భూములు జప్తయి, ఇంగ్లండు, స్కాట్లండులనుంచి వచ్చిన వలసదారులకు పంపకమయ్యాయి. పోషకుడు పోయాడు, భూమి పోయింది. ఆస్థానకవి బతుకు రెండిటి మీదే నిలబడి ఉన్నది.

ఈ పతనం నాటి మాక్ అన్ వార్డ్ కవులు ముగ్గురిని ప్రత్యేకంగా చెప్పాలి. మొదటివాడు లూషఖ్. ఇద్దరు మనుషులను పక్కపక్కన నిలబెట్టి అతడు చెప్పిన పద్యం ఒకటి ప్రసిద్ధం. ఒకడు జుట్టు కత్తిరించుకొని ఇంగ్లీషు వేషం వేసినవాడు. రెండోవాడు ఓవన్ బాన్, ఈకల పరుపుకన్న రెల్లుగడ్డి మీద పడకను ఇష్టపడేవాడు. వేషభాషల మార్పులో రాజకీయాన్ని అంత వ్యంగ్యంగా పట్టుకున్న పద్యాన్ని మన 'కన్యాశుల్కం' పాఠకులు మెచ్చుకుంటారు.

రెండోవాడు ఫెర్గల్ ఓగ్. ఇతడు ఓ డొనెల్ దొరలను పొగిడినవాడు. 1603లో స్కాట్లండు రాజు జేమ్స్ ఇంగ్లండుకూ రాజయితే, మూడు కిరీటాలూ అతని హక్కేనని పద్యం కట్టిందీ ఇతడే. నిన్నటిదాకా శత్రువుదైన సింహాసనం మీద కొత్త మనిషి కూర్చోగానే కవి చూపు అటు తిరిగింది. ఆ రాజు పాలనలోనే అల్స్టర్ భూములు పోయాయి. వార్ధక్యంలో ఫెర్గల్ ఓగ్ బెల్జియంలోని లూవేన్ చేరి, తన పేదరికం చెప్పుకుంటూ ఒక ఐరిష్ ఆర్చిబిషప్పుకు పద్యం రాసుకున్నాడు. ఇతన్ని అవకాశవాది అని కొట్టివేయటం తేలిక. కాని స్తుతి తప్ప ఇంకో సరుకు లేనివాడు కొనేవాడికోసం వెతుక్కున్నాడు. వ్యవస్థ ఇచ్చిన చదువు అదొక్కటే.

మూడోవాడు ఓవన్ రూ. దేశం వదిలిన దొర రోరీ ఓ డొనెల్ 1608లో రోములో జ్వరంతో చనిపోయాడు. కొద్ది వారాలకే తమ్ముడు కాబర్ పోయాడు. మోంటోరియో కొండమీది సెయింట్ పీటర్ చర్చిలో వాళ్ళను పాతిపెట్టారు. ఆ సమాధి దగ్గర సోదరి నూలా ఒంటరిగా ఏడుస్తున్నట్టు ఊహించి ఓవన్ రూ చెప్పిన స్మృతిపద్యం ఈ వంశం మొత్తానికి మిగిలిన గొప్ప కావ్యం. ఇదే మరణం మన డొనెగాల్‌లో జరిగి ఉంటే, నీతో గొంతు కలపటానికి ఊరూరా స్త్రీలు వచ్చేవారు, ఇక్కడ నీ ఏడుపు నీకే మిగిలిందన్నది అందులోని సారం. ఆశ్రితకవిత్వంలో మామూలుగా వినపడని మానవస్వరం ఇక్కడ వినపడుతుంది. విందులూ బహుమతులూ పోయిన తర్వాత ఆ స్వరం వచ్చిందని గమనించాలి.

పేరు మారిన తీరు ఇక సులభంగానే చెప్పవచ్చు. పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి వినపడినదాన్ని 'మకవార్డ్', 'మక్‌వార్డ్' అంటూ తమ లిపిలో రాశారు. తర్వాత 'మాక్' రాలిపోయింది, 'వార్డ్' మిగిలింది. అది ఇంగ్లీషువాళ్ళకు తెలిసిన పేరే కావటంతో ఇక ఎవరూ అడగలేదు. 1831 తర్వాత వచ్చిన ప్రభుత్వ బడుల్లో బోధన ఇంగ్లీషులో. హాజరుపట్టీ ఇంగ్లీషులో. ఏటా జూన్‌లో నేనూ కొత్త పిల్లల పేర్లు పట్టీలో ఎక్కిస్తాను. తల్లి ఒకటి పిలుస్తుంది, ధ్రువపత్రంలో ఒకటి ఉంటుంది. పిల్లవాడు వారం తిరక్కుండా పట్టీలోని పేరుకు పలకటం మొదలుపెడతాడు. పట్టీకి ఉన్న బలం నాకు తెలుసు.

మిగతా పేర్లకు ఇంతకన్న విచిత్రాలు జరిగాయి. 'మాక్ అన్ గవన్' అంటే కమ్మరి కొడుకు. చాలాచోట్ల అది తిన్నగా 'స్మిత్' అయింది. అది కనీసం సరైన అనువాదం. 'మాక్ అన్ తీర్' వడ్రంగి కొడుకు. వడ్రంగిని చెప్పే ఆ గేలిక్ మాటకు 'స్వతంత్రుడు' అనే అర్థం కూడా ఉండటంతో కొన్నిచోట్ల దానిని 'ఫ్రీమన్' చేశారు. కౌలుకోసం దొర గడప తొక్కే మనిషి పేరు స్వతంత్రుడు! ఇందాక గుర్తుంచుకోమన్న 'ఓ క్లేరిగ్' చాలాచోట్ల 'క్లార్క్' అయిపోయింది. 1824లో మొదలైన సర్వే శాఖ ఊళ్ళ పేర్లకు కూడా ఇదే చేసింది. దాన్ని వస్తువుగా తీసుకొనే బ్రయన్ ఫ్రియల్ 1980లో 'ట్రాన్స్‌లేషన్స్' నాటకం రాశాడు. కథాస్థలం డొనెగాలే.

ఇంకొక సంగతి. ఐర్లండులో 'ట్రావెలర్లు' అనే సంచార జాతి ఉన్నది. రేకుపని, గుర్రాల వ్యాపారం చేసుకుంటూ బళ్ళలో తిరిగినవాళ్ళు. స్థిరనివాసుల చేతిలో చాలా అవమానం పడినవాళ్ళు, ఇప్పటికీ పడుతున్నవాళ్ళు. 2017 మార్చి 1న గాని ఐరిష్ ప్రభుత్వం వాళ్ళను ప్రత్యేక జాతిసమూహంగా గుర్తించలేదు. వాళ్ళలో బాగా వ్యాప్తిలో ఉన్న ఇంటిపేర్లలో 'వార్డ్' ఒకటి. దానిని బట్టి గాల్వే ట్రావెలర్లంతా ఆస్థానకవుల మనుమలని కథ అల్లటం నాకు ఇష్టం లేదు. గౌరవానికి రాజాస్థానపు పూర్వీకుడు ఉండి తీరాలన్న ఆలోచనే నాకు తప్పుగా తోస్తుంది. కాని ఒకప్పుడు దొర కుడిపక్కన కూర్చోబెట్టిన పేరు, ఇవాళ కొన్ని హోటళ్ళ గుమ్మం దగ్గర మనిషిని ఆపటానికి కారణమవుతున్నదని తెలిసినప్పుడు, పేరు విలువ పేరులో లేదని తేటపడుతుంది.

మాక్ అన్ వార్డ్ వంశంవాడే మరొకడు చేసిన పని వల్ల ఈ చరిత్రంతా మనకు దక్కింది. అతడు హ్యూ వార్డ్, ఫ్రాన్సిస్కన్ సన్యాసి, లూవేన్‌లోని ఐరిష్ కళాశాలకు అధిపతిగా పనిచేసి 1635లో చనిపోయాడు. దేశంలో పాత గ్రంథాలు నాశనమవుతున్నాయని గుర్తించి, 1626లో మిహాల్ ఓ క్లేరిగ్ అనే సోదర సన్యాసిని వాటికి ప్రతులు రాయటానికి ఐర్లండు పంపించాడు. ఈ ఓ క్లేరిగ్‌లు ఓ డొనెల్‌ల ఆస్థాన చరిత్రకారులు. అతడు తోటివారితో కలిసి 1632నుంచి 1636 దాకా కూర్చి రాసిందే 'నలుగురు ఆచార్యుల వార్షికచరిత్ర'. మురెదఖ్ గొడ్డలి కథ కూడా అందులో ఉన్నది. దొర లేనప్పుడు, భూమి లేనప్పుడు, ప్రవాసంలో ఈ వంశాలవాళ్ళు చేసిన ఈ పని వాళ్ళ ఏ స్తుతికావ్యంకన్న పెద్దది అని నా అభిప్రాయం.

ఆస్థానకవి పోయాక ఐరిష్‌లో కవిత్వం పోలేదు. కఠినమైన అక్షరఛందస్సు పోయి, పాటకు దగ్గరగా ఉండే లయఛందస్సు పైకి వచ్చింది. ఓవన్ రూ ఓ సూలివాన్ కూలీపనికి ఊళ్ళు తిరిగాడు, నౌకాదళంలో చేశాడు, బడి నడిపాడు, 1784లో చనిపోయాడు. బ్రయన్ మెరిమన్ క్లేర్ కౌంటీలో బడిపంతులు. 1780లో సుమారు వెయ్యి పాదాల 'అర్ధరాత్రి న్యాయస్థానం' రాసి, స్త్రీల చేత మగవాళ్ళ మీద విచారణ జరిపించాడు. మనం బార్డ్ అన్నప్పుడు మనసులో ఉండే మనిషి వీళ్ళకు దగ్గర. వీళ్ళెవరూ బార్డులు కారు.

1893లో గేలిక్ లీగ్ ఏర్పడిన తర్వాత రాలిపోయిన 'ఓ'లు చాలా తిరిగి వచ్చాయి, 'మాక్'లు కొన్ని వచ్చాయి. ఐరిష్ ఇంటిపేర్ల మీద ప్రామాణికంగా రాసిన ఎడ్వర్డ్ మాక్‌లైసాట్ పుట్టినప్పుడు ఉత్త 'లైసాట్', మాక్ తర్వాత చేర్చుకున్నాడు. వార్డ్‌లు మాత్రం ఎక్కువమంది వార్డ్‌లుగానే ఉండిపోయారు. ఐరిష్‌లో చదివి రాసేవాళ్ళు కొందరు మాక్ అన్ వార్డ్, నిక్ అన్ వార్డ్ అని రాస్తారు.

ఓవన్ రూ స్మృతిపద్యాన్ని పందొమ్మిదో శతాబ్దంలో జేమ్స్ క్లారెన్స్ మాంగన్ ఇంగ్లీషు చేశాడు. మాంగన్‌కు ఐరిష్ రాదు. వేరేవాళ్ళు చేసిన వచనానువాదాల మీద ఆధారపడేవాడు. అతని ఇంగ్లీషునుంచి ఈ పద్యాన్ని తెలుగులోకి తేవాలనుకునే మిత్రులకు ఒక మనవి. కవి పేరు కొన్ని సంకలనాల్లో 'ఓవెన్ వార్డ్' అనో 'రెడ్ ఓవెన్ వార్డ్' అనో కనిపించవచ్చు. దాన్ని అట్లాగే దించకండి. 'ఓవన్ రూ మాక్ అన్ వార్డ్' అని రాసి, కింద ఒక్క వాక్యంలో అర్థం చెప్పండి.